ఉప్పు చూడని వంట

మామిడికాయ పుల్లదో చప్పదో దాని మొహం చూసి చెప్పలేం, కొరికి చూడాలి, లేదంటే ఉడికాక పప్పులో కలిపి నాలుక మీద వేసుకోవాలి, ఆ రెండూ ఇవాళ నాకు నిషేధం కనుక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను, చూశాక అది కూడా తప్పేమోనని గబుక్కున దించేశాను, దేవుడికి పెట్టే పువ్వును వాసన చూడకూడదని పక్కింటి సుబ్బరత్నం గారు ఒకసారి అన్నారు, పువ్వుకున్న పట్టింపు మామిడికాయకూ ఉంటుందా, ఎవరిని అడగను, అడిగితే ఎందుకమ్మా మహిమా అంటారు, ఎందుకంటే హనుమాన్ మాల వేసుకున్న స్వామి ఒకాయన ఈ మధ్యాహ్నం మా ఇంటికి భిక్షకు వస్తున్నారు, ఆ స్వామి పేరు మంగీలాల్, ఆయన కొడుకు పేరు కోటేష్, ఆ కోటేష్‌ను నేను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను, ఇంత సంగతి గోడ మీదుగా చెప్పేది కాదు, కనుక మామిడికాయను ఇంకేమీ అడగకుండా చెక్కు తీయడం మొదలుపెట్టాను, పొద్దున లేచినప్పటి నుంచి నా లోపల ఏదో పరుగెడుతోంది, నీళ్ళు తోడుతుంటే పరుగు, తలస్నానం చేస్తుంటే పరుగు, తడి జుట్టుకు తువ్వాలు చుట్టి స్టవ్ ముందు నిలబడితే లైటర్ ఎక్కడ పెట్టానో గుర్తు లేక ఇల్లంతా వెతికాను, అది నా చేతిలోనే ఉంది, అమ్మ చూసి నవ్వింది, పిచ్చి ముదిరింది బిడ్డకు అని నాన్నతో అంది, నిజమే, ముదిరింది.

ఈ ఎత్తు కోటేష్‌ది, నాది కాదు, వాళ్ళ తండాలో అయినా మాలో అయినా ఒకటే పద్ధతి, సంబంధం ఖాయం కాకముందు పిల్ల ఇంట్లో పిల్లవాడి తరఫువాళ్ళు అన్నం తినరు, తిన్నారంటే మాట ఇచ్చినట్టే, వాళ్ళమ్మ గోరి ఏడాదిగా ఒకే పట్టు మీద ఉంది, నా తమ్ముని బిడ్డ ఉండంగ కిరస్తానీ పిల్ల ఎందుకురా నీకు, ఆ ఇంటికి నేను రాను, వచ్చినా నీళ్ళు ముట్ట అని, వాళ్ళ నాన్న అవుననడు, కాదనడు, చూద్దాం తియ్ అంటాడు, ఆ చూద్దాం ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు, అట్లాంటిది ఈ ఏడు ఆయన మాల వేసుకున్న రోజులూ మా శ్రమకాలమూ కలిసి వచ్చాయి, ఈస్టర్ దాకా మా ఇంట్లో నీచు వండం, గుడ్డు కూడా తేం, అది కోటేష్ బుర్రలో వెలిగింది, గోదావరి బ్రిడ్జి మీద బండి ఆపి వెనక లారీ హారన్ కొడుతున్నా వినిపించుకోకుండా చెప్పాడు, మా బాపును భిక్షకు పిలుద్దాం మహిమా, మాలల ఉన్నోళ్ళు నియమంగ వండి పిలిస్తే కాదనరు, మీ ఇంట్ల ఇప్పుడు కోడి లేదు, చేప లేదు, ఇంక ఏం వంక జెప్తడు, బాపు తిన్నడంటే అయిపాయె, అమ్మ ఒక్కతే ఏం జేస్తది అని, నాకు ఆ క్షణంలో బ్రిడ్జి మీదే గంతులు వేయాలనిపించింది, ఎందుకంటే హనుమాన్ జయంతికి ఆయన మాల తీసేస్తారు, ఈస్టర్‌కు మా ఇంట్లో మళ్ళీ కోడి ఉడుకుతుంది, మధ్యలో ఈ కాసిని రోజులే, అవి దాటితే ఆయన మా గడప తొక్కే వంక ఇంకోటి దొరకదు, నాన్న డ్యూటీ లేని రోజు చూసుకుని పండ్లు పట్టుకుని తండాకు పోయాడు, స్వామీ మా ఇంట్ల భిక్ష చేయాలె అని చేతులు జోడించాడట, యేసుదానం అనే పేరున్న మనిషి హనుమాన్ స్వామికి చేతులు జోడిస్తుంటే తండా అంతా బయటికొచ్చి చూసిందట, వండేదెవరు అని అడిగారట ఆయన, మా మహిమనే స్వామీ అన్నాడట నాన్న, దవాఖానల నాకు రక్తం దీసిన పిల్లనా అన్నారట, అవ్ స్వామీ, ఆ పిల్లనే, అయితే వస్త, తలకు పోసుకొని వండాలె, ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ వెయ్యొద్దు, రుచి సూడొద్దు, గంతే.

గంతే అంటే ఏముంది, ఉల్లి లేకుండా వండొచ్చు, ఎల్లిగడ్డ లేకుండా కష్టపడి వండొచ్చు, రుచి చూడకుండా ఎట్లా వండాలి, దవాఖానా ల్యాబులో నేను చుక్క తేడా రాకుండా కొలుస్తాను, ఇంట్లో మాత్రం కొలతంతా నాలుకే, అది అమ్మ నుంచి వచ్చింది, అమ్మ ఇవాళ వంటింట్లోకి రాలేదు, రానని తానే అంది, గడప అవతల పీట వేసుకుని, నేనొస్తే నా చెయ్యి ఊకోదు బిడ్డా, గంటె కనపడితే నాకుత అని నిజం ఒప్పుకుంది, మా అమ్మ ఇన్నమ్మ వండిన ప్రతి కూరా ఆమె అరచేతిలో ఒక చుక్క పడకుండా పొయ్యి దిగదు, ఉప్పు చూడకుండా దించిన కూరా ప్రార్థన చేయకుండా ఎక్కిన బస్సూ ఒకటే అని ఆమె సొంత సామెత, నాన్న ఆర్టీసీ డ్రైవరు కావడం వల్ల పుట్టిన సామెత, నాకు గంటె పట్టడం నేర్పిన రోజే అరచేయి చాపడమూ నేర్పింది, ఇప్పుడేమో గడప అవతల నుంచి చెయ్యి కట్టుకో మహిమా, చెయ్యి కట్టుకో అని పాట పాడుతోంది, నేను బెండకాయలు తుడిచి చక్రాల్లా కోశాను, మూకుడులో పరిచాను, మూత పెట్టకు జిగురొస్తది అని అమ్మ, నాకు తెలుసమ్మా, ఉప్పు చివర్ల వెయ్ అని అమ్మ, అదీ తెలుసమ్మా, మరేం తెల్వదే నీకు అని అమ్మ, ఆ మాటకు ఇద్దరం నవ్వాం, సేమియా పాయసం పొద్దున్నే దించి మూత పెట్టాను, పెరుగు రాత్రే తోడుకుంది, అన్నం కుక్కర్‌లో ఉంది, మిరియాల చారు సన్న మంట మీద ఉంది, అడ్డాకు విస్తర్లు కడిగి గోడకు ఆనించాను, మంగీలాల్ గారికి మామిడికాయ పప్పంటే ప్రాణమని కోటేష్ చెప్పాడు కనుక అది మాత్రం అన్నిటికన్నా బాగా రావాలి, రాకపోతే నాకు నిద్ర పట్టదు.

పప్పు కుక్కర్ మూత తీశాను, ఆవిరి మొహం మీద కొట్టింది, కందిపప్పు మెత్తగా ఉడికింది, మామిడి ముక్కలు కరిగీ కరగనట్టున్నాయి, పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పి కల్లుప్పు వేశాను, నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఎల్లిగడ్డ వేయాల్సిన చోట చెయ్యి గాలిలో ఆగిపోయింది, అక్కడ ఇంగువ వేశాను, పోపు పప్పులో పడి సుర్రుమంది, ఆ చప్పుడు వినగానే నాకు ఒళ్ళంతా పులకరించింది, ఇదే చప్పుడు రేపు నా వంటింట్లో, కోటేష్ ఆఫీసు నుంచి వచ్చే వేళకు, ఇల్లు కిరాయికి ఎక్కడ తీసుకుందాం, దవాఖానాకు దగ్గరగానా, వాడి ఆఫీసుకు దగ్గరగానా, గోదారికి వరదొస్తే నీళ్ళు రాని వీధి అయితే చాలు, వంటిల్లు మాత్రం కొంచెం పెద్దది కావాలి, కిటికీ ఉండాలి, పెళ్ళి చర్చిలో ఒక పూట, తండాలో ఒక పూట, చర్చికి తెల్ల చీర, తండాకు అద్దాల ఓణీ, గోరి గారు నా నెత్తి మీద ఆ ఓణీ కప్పుతారా, కప్పితే నాకు ఏడుపొస్తుందేమో, కాటుక కారితే ఫొటోలు పాడవుతాయి, కాటుక పెట్టుకోవద్దు, పులుపు బాగానే పట్టింది, ఉప్పే కొంచెం తక్కువైంది, ఇంకో చిటికెడు వేస్తే సరిపోతుంది, వేశాను, కలిపాను, బెండకాయ ఒకసారి తిప్పాను, చారు మీద మూత పెట్టాను, తండాలో పెళ్ళంటే డప్పు ఉంటుంది కదా, నాకు ఆ ఆట రాదు, గోరి గారే నేర్పాలి, ఉప్పు తక్కువైందని నాకెట్లా తెలిసింది.

అరచేయి చూసుకున్నాను, పసుపుపచ్చగా తడి, నాలుక మీద ఇంకా మామిడి పులుపు, అమ్మను చూశాను, అమ్మ పీట మీద కూర్చునే నా వంక చూస్తోంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, చూసినవా అన్నాను, చూసిన బిడ్డా, ఆపేలోపే అయిపాయె అంది, గంటె నుంచి అరచేతిలోకి, అరచేతిలోంచి నోట్లోకి, అదే చేత్తో ఉప్పు తీసి పప్పులో, అదే చేత్తో బెండకాయ గంటె, చారు మూత, ఇంకేం ముట్టాను, అన్నం ముట్టలేదు, పాయసం ముట్టలేదు, పెరుగు ముట్టలేదు, పప్పు మాత్రం ఎంగిలి, అందులో అనుమానమే లేదు, వేపుడూ చారూ అయ్యాయో కాలేదో దేవుడికే తెలియాలి, ఆ దేవుడు ఏ దేవుడో కూడా నాకు తెలియడం లేదు, మా ప్రభువు దీన్ని పట్టించుకోడు, ఆయనకు ఎంగిలి లేదు, కానీ తినేది మా ప్రభువు కాదు, మంగీలాల్ స్వామి, నిన్న మధ్యాహ్నం తిన్న మనిషి, మాలలో ఒంటిపూట భోజనం, రాత్రి పండు తిన్నారో లేదో, మళ్ళీ వండుదామని డబ్బా తీస్తే కందిపప్పు అడుగున గుప్పెడే ఉంది, మామిడికాయ ఇంకోటి లేదు, నాన్నను అంగడికి పంపాలా, అంతలోనే ఫోన్ మోగింది, కోటేష్, సారపాక దాటినం, బ్రిడ్జి ఎక్కుతున్నం, ఆటోల ఉన్నం, అమ్మ కూడా వచ్చింది మహిమా, నిజంగ వచ్చింది, ఏం మాట్లాడుతలేదు కాని వచ్చింది, వాడి గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు.

చెప్పేశాను, పప్పు రుచి చూసిన కోటేష్, అలవాటుల చూసిన, ఇప్పుడేం జెయ్యాలె, అటు నుంచి ఆటో చప్పుడు, గాలి చప్పుడు, తర్వాత వాడు గొంతు తగ్గించి అన్నాడు, ఎవరన్న చూసిండ్రా, అమ్మ చూసింది, మీ అమ్మ చెప్పదు గదా, చెప్పదు, మరింకేంది, ఊకో, పెట్టు, ఎవలికి ఎరుక, బాపు తింటడు, పనైతది, ఒక్క చుక్కకు ఏమైతది మహిమా, మళ్ళ గిసుంటి రోజు దొరకదు మనకు, అని పెట్టేశాడు, వాడు చెప్పింది నిజం, మళ్ళీ దొరకదు, ఒక్క చుక్కకు ఏమీ కాదు, నేను ల్యాబులో పనిచేసేదాన్ని, నా నోట్లో ఏ రోగమూ లేదు, ఆయన రక్తం సూదితో తీసిన చెయ్యి ఇది, ఆయనకు మలేరియా లేదని చీటీ రాసిచ్చిన చెయ్యి, ఆ రోజే కదా కోటేష్ చీటీ కోసం వచ్చి మూడు సార్లు అదే ప్రశ్న అడిగాడు, మూడోసారి నేను చిరాకు పడితే నవ్వాడు, రక్తం చూసినదాన్ని ఉప్పు చూడకూడదా, చూడొచ్చు అనుకుంటూనే విస్తరి ముందు కూర్చున్న ఆయన్ను ఊహించుకున్నాను, కాషాయం కట్టుకుని, కళ్ళు మూసుకుని, చేతిలో నీళ్ళు తిప్పి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటున్న మనిషి, నన్ను నమ్మి, కోటేష్ మీద ఒక్కసారిగా కోపం వచ్చింది, నీ సంగతి తర్వాత చెప్తా అని ఫోన్‌ను స్టవ్ పక్కన బోర్లా పెట్టాను.

ఆటో ఆగింది, నాన్న ఇస్త్రీ చొక్కాతో బయటికి పరుగెత్తాడు, చెంబుతో నీళ్ళు పోసి స్వామి కాళ్ళు కడిగాడు, చెప్పులు లేని కాళ్ళు, పగిలిన మడమలు, మిరప చేలో తిరిగే మనిషి కాళ్ళు, రండి స్వామీ, వచ్చినం స్వామీ, ఆయన మా నాన్నను కూడా స్వామీ అన్నారు, మాలలో ఉన్నవాళ్ళు అందరినీ అట్లాగే పిలుస్తారు, అయినా నాకు ఆ పిలుపు ఎంత బాగుందో, వెనక గోరి గారు, ముతక చీర, మోచేతి పైదాకా తెల్ల గాజులు, నేను అనుకున్నంత పొడవు లేరు, నా భుజం దాకా వస్తారు, ఏడాదిగా నన్ను భయపెట్టిన మనిషి నా భుజం దాకా ఉందా, అమ్మ మంచినీళ్ళ గ్లాసు ఇవ్వబోతే, నాకు దూప లేదు వదినా అన్నారు, ఎండలో ఆటోలో వచ్చిన మనిషికి దూప లేదట, కానీ వదినా అన్నారు, అన్నారు కదా, నేను సరిగ్గానే విన్నాను, మంగీలాల్ గారు కూర్చుంటూనే ముక్కు ఎగబీల్చారు, మామిడికాయ పప్పు వండినట్టుంది స్వామీ, కమ్మగ వస్తుంది వాసన అన్నారు, కోటేష్ ఆయన వెనక నిలబడి నాకు కళ్ళతో సైగ చేశాడు, ఏం లేదు, ఏం లేదు, పెట్టు అని, నాన్న విస్తరి వేశాడు, నీళ్ళు చల్లాడు, ఇంటిల్లిపాదీ నా వైపు చూశారు, నేను వెళ్ళి విస్తరి ముందు నిలబడ్డాను.

స్వామీ, నన్ను మన్నించాలె, అన్నాను, పప్పు మీకు పెట్టలేను, అలవాటు చొప్పున చేతిల వేసుకొని రుచి చూసిన, చూసినంక యాదికొచ్చింది, వేపుడుకూ చారుకూ అదే చెయ్యి తాకిందో ఏమో, నాకు గుర్తులేదు, అన్నం, పాయసం, పెరుగు మాత్రం ముట్టలేదు, అవి తింటానంటే పెడత, అనేశాను, అన్నీ ఒకే ఊపిరిలో అనేశాను, నాన్న నా వైపు చూసి తల దించుకున్నాడు, కోటేష్ మొహం పాలిపోయింది, తర్వాత వాడే తేరుకుని, గుడి కాడ అన్నదానం ఉంటది బాపూ, జల్దీ పోతే దొరుకుతది అన్నాడు, మంగీలాల్ గారు విస్తరి వంక చూస్తూ కూర్చున్నారు, అప్పుడు గోరి గారు మాట్లాడారు, వాళ్ళ భాషలో, నాకు ఒక్క ముక్క అర్థం కాని భాషలో, కొడుకును చూసి ఒక మాట, భర్తను చూసి రెండు మాటలు, ఆయన బదులు చెప్పారు, ఆమె మళ్ళీ ఏదో అన్నారు, గొంతు పెంచలేదు, నేను మాటలు పట్టుకోలేక మొహాలు పట్టుకోవాలని చూశాను, మొహాల్లోనూ ఏమీ దొరకలేదు, లేస్తున్నారేమో, ఇప్పుడే లేస్తారు, చెంబు నీళ్ళతో కడిగిన కాళ్ళకు మళ్ళీ మా వీధి దుమ్ము అంటుకుంటుంది, అంతా అయిపోయింది, అయిపోయినా సరే, నేను అబద్ధం పెట్టలేదు, అని నాకు నేనే చెప్పుకుంటుంటే గోరి గారు కొంగు బొడ్లో దోపుకుని లేచారు, బయటికి పోలేదు, వంటింటి గడప దాటి లోపలికి పోయారు.

పెసరపప్పు ఉన్నదా, లోపలి నుంచి మాట, నేను పరుగెత్తాను, ఉంది, టమాటలు, ఉన్నయి, వేరే గిన్నె, వేరే గంటె, ఉన్నయి, అన్నీ ఉన్నయి, ఆమె సింకు దగ్గర గాజులు పైకి తోసుకుని చేతులు కడుక్కున్నారు, నిన్న పగటీలి తిన్న మనిషిని లేపి గుడి కాడికి తోలుతడంట నా కొడుకు, పిలిచినోళ్ళ ఇంట్ల నుంచి ఉపాసం లేస్తరా ఎవరన్న, నువ్వు పెరుగన్నం పెడతనంటివి, భిక్షకు పిలిచి పెరుగన్నం పెడతరా, అని మా ఇద్దరినీ కలిపి తిట్టారు, ఆ కలిపి తిట్టడం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను, నోట్ల నీళ్ళు పోసుకొని పుక్కిలించు, చేతులు కడుగు, ఇగ నోటి కాడికి చెయ్యి పోనియ్యకు, సరే, పెసరపప్పు దోరగా వేయించాను, కడిగి నీళ్ళు పోశాను, ఆమె టమాటలు తరిగారు, నా కత్తి మొద్దు అన్నారు, మొద్దే, రెండు గంటెల చప్పుడు, రెండు చేతులు, స్టవ్ ముందు ఇద్దరికి చోటు చాలక మోచేతులు తగులుతున్నాయి, ఆమె గాజులు చల్లగా ఉన్నాయి, పప్పు ఉడుకుతుంటే నా వైపు చూడకుండానే అడిగారు, చెప్పకపోతే ఎవరికి ఎరుక, ఎందుకు చెప్పినవ్, నేను ఆలోచించలేదు, ఆయన నన్ను నమ్మి తింటరు గద అమ్మా అన్నాను, ఆమె పప్పు కలుపుతూ, కోటేష్‌కు చెప్పినవా అన్నారు, నేను స్టవ్ మంట తగ్గించాను, చెప్పొద్దన్నడా, నేను పోపు గిన్నె కడగడం మొదలుపెట్టాను, గట్లనే అంటడు, వాళ్ళ తాత పోలిక అని నిట్టూర్చి, ఉప్పు తే అన్నారు.

ఎంగిలి చెయ్యి పెట్టిన డబ్బా వదిలేసి కొత్త ఉప్పు ప్యాకెట్టు విప్పి ఇచ్చాను, ఆమె తీసుకోలేదు, నీ చేతితో వెయ్ అన్నారు, ఎంత అమ్మా, నాకేం ఎరుక, నీకు తోచినంత, నా చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది, నాలుక లేకుండా ఉప్పు వేయడం కళ్ళు మూసుకుని రోడ్డు దాటడం లాంటిది, వేసిన, అన్నాను, ఆమె వంగి చూసి, ఇంకొంచెం పడుతదేమో అని తానొక చిటికెడు వేశారు, ఎక్కువైతే అమ్మా అన్నాను భయంగా, ఎక్కువైతే ఇద్దరం తిట్లు తిందాం, మాల దిగినంక, అన్నారు, మాలల ఉన్నన్ని రోజులు ఏం పెట్టినా వంక పెట్టడు మీ మామ, ఏడాదిల నాకు సుఖం ఈ రోజులే, మీ మామ, మీ మామ అన్నారు, నేను ఆవాలు వేయబోయి జీలకర్ర డబ్బా పట్టుకున్నాను, గడప అవతల అమ్మ కూడా విన్నది, పీట కిర్రుమంది, నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే ఏడుస్తాను, పోపు పెట్టాను, మంగీలాల్ గారి విస్తరిలో అన్నం, దాని మీద పెసరపప్పు, పక్కన పాయసం, ఆయన కళ్ళు మూసుకుని నీళ్ళు తిప్పారు, మొదటి ముద్ద పెట్టుకున్నారు, గోరి గారూ నేనూ తలుపు పక్కన ఊపిరి బిగబట్టి చూశాం, ఆయన నమిలారు, మింగారు, కొంచెం ఆగారు, మజ్జిగ ఉంటే పొయ్యండి స్వామీ అన్నారు నాన్నతో, గోరి గారు నా జబ్బ మీద చిన్నగా గిచ్చి, ఎక్కువైంది అన్నారు, ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం, ఆయన మాత్రం విస్తరి ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు, మారు కూడా పెట్టించుకున్నారు.

ఆయన తిన్నారు, అయిపోయింది, ఖాయమైంది, కోటేష్ అక్కడ నిలబడి చెవుల దాకా నవ్వుతున్నాడు, తాను గెలిచాననుకుంటున్నాడు పిచ్చివాడు, నేను కూడా అట్లాగే అనుకుని వంటింట్లోకి వచ్చేసరికి గోరి గారు నేల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు, ఒక విస్తరి తే అన్నారు, వేశాను, నీళ్ళు తే, ఇచ్చాను, గటగటా గ్లాసుడూ తాగేశారు, అన్నం పెట్టాను, పెసరపప్పు గిన్నె అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు, గది ఉప్పు మన్ను, ఎవరు తింటరు, ఆ మామిడికాయ పప్పు పెట్టు, అది, అమ్మా, అది నేను, నా మాట తెమలలేదు, నువ్వు రుచి చూసిందే గద, చెప్పినవ్ గద, నాకేం మాల లేదు, పెట్టు, అన్నారు, నేను పెట్టాను, ఒక్క గంటె, ఇంకోటి, ఆమె కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు, కళ్ళు కొంచెం చిన్నవి చేశారు, పులుపుకు, సరిగ్గా పడ్డది ఉప్పు అన్నారు, ఇంకో ముద్ద కలుపుకుంటున్నారు, గాజులు మోచేతి మీదికి జారుతుంటే నేను వంగి పైకి తోశాను, నీళ్ళు కూడా ముట్టనని ఏడాది పాటు పట్టుబట్టిన మనిషి నా వంటింటి నేల మీద నా ఎంగిలి పప్పు తింటోంది, ఏం తింటుందో తెలిసి తింటోంది, అప్పుడు నాకు అర్థమైంది, కోటేష్ మాట విని నోరు మూసుకుని ఉంటే ఆయన తినేవారు, ఈమె తినేది కాదు.